పుస్తకానికి కొలబద్ద

చొక్కా కుట్టించాలంటే కొలతలు కావాలి. పుస్తకం చదివించడానికీ కావాలంటున్నారు యీ కాలపు విద్యావేత్తలు. కాదనను. ఏ టేపుతో కొలవాలన్నదే పేచీ.

ఆమధ్య నా బాల్యమిత్రుడు ఫోను చేశాడు. ఒక పల్లెటూరి హైస్కూలుకు హెడ్మాస్టరు లెండి. "ఎవరో దాత మా లైబ్రరీకి డబ్బిచ్చారోయ్! ఆరోతరగతి పిల్లలకు నువ్వే పుస్తకాలు ఎంచిపెట్టాలి. తెలుగు ఎమ్మేవి, నీకిదొక లెక్కా?" అన్నాడు.

తీరా కూర్చుంటే లెక్కే అయింది!

అమెరికాలో 'లెక్సైల్' అని ఒక పద్ధతి వుంది. వాక్యం ఎంత పొడుగు, మాటలు ఎంత వాడుకలో వున్నవి అని చూసి పుస్తకానికి ఒక అంకె వేస్తుంది. బాగానే వుంది. కాని 1939లో స్టయిన్‌బెక్ రాసిన 'గ్రేప్స్ ఆఫ్ రాత్' నవల యీ లెక్కకు రెండు, మూడు తరగతుల పిల్లల పుస్తకమై కూర్చుంది! పొట్టి వాక్యాలూ, సంభాషణలూ మరి. నేల వదిలి వలసపోయిన సంసారాల దుఃఖం ఏ అంకెకు అందుతుంది? ఫౌంటస్, పిన్నెల్ అనే ఇద్దరు విదుషీమణులు 'ఏ' నుంచి 'జెడ్' దాకా మెట్లు కట్టారు. ఇందులో విషయం, బొమ్మలు, పుస్తకం అమరిక కూడా మనిషే చూసి తూస్తాడు. ఇది మేలు. అయితే రెండూ ఇంగ్లీషు చదువుకోసం పుట్టినవే.

మన భాష సంగతి వేరు గదా. 'వెళ్ళిపోతున్నాడనుకున్నాను' అన్నది ఒకే మాట, పది అక్షరాలు. పసివాడికి కూడా తెలుస్తుంది. 'శ్లేష' రెండే అక్షరాలు. అడిగితే మా బి.ఏ. విద్యార్థులు నీళ్ళు నములుతారు. పెద్దబాలశిక్షలో రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అని మెట్లున్నాయి. అవి నోరు తిరగడానికి, అర్థానికి కావు.

చివరకు ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్' మెట్లు నచ్చాయి. తెలుగు కథలూ వున్నాయి. మెట్లు నాలుగే. మొదటిదానిలో కథ 250 మాటల లోపు. నాలుగోది 1500 దాటుతుంది. ఆ లెక్కన పుస్తకాలు తెప్పించి, మెట్టుకొక రంగు కాగితం అంటించి, బడికి పోయి పంచాను.

కూడబలుక్కుంటూ చదివే ఒక పిల్లకు రెండో మెట్టు పుస్తకం ఇచ్చాను. రంగు కనబడకుండా దానిమీద చెయ్యి పెట్టుకుంది. కాసేపటికి తిరిగి తెచ్చి, "ఇది చిన్నపిల్లలది సార్" అంది.

"మరేం కావాలమ్మా?"

బీరువాలో మూలనున్న గొర్రెల పెంపకం పుస్తకం చూపించింది. రైతులకోసం వేసింది, సన్నని అచ్చు. సరే చదవమన్నాను. వేలుపెట్టి మెల్లగా చదువుతోంది. 'చిటుకరోగం' అన్నచోట నేను ఆగాను గాని ఆ పిల్ల ఆగలేదు. "వానలు పడ్డాక లేతగడ్డి ఎక్కువ మేస్తే వస్తుంది సార్. మావి రెండు చచ్చిపోయినాయి" అంది. 'వ్యాధినిరోధక' దగ్గర మాత్రం చిక్కుపడింది. నేను పలికి అర్థం చెప్పాను. మళ్ళీ సాగింది.

ఆ పుస్తకం కష్టమని ఏ కొలబద్ద అయినా చెబుతుంది. ఆ ఇంట్లో గొర్రెలున్నాయని ఏదీ చెప్పదు.

అలాగని కొలతలు అవతల పారేయమనను. ఏ పిల్ల ఎక్కడ తడబడుతున్నదో మేష్టారికి తెలియాలి. తెలియకపోతే ఆరోతరగతి వాచకం నెత్తిన రుద్ది, రాలేదని తిట్టడమే మిగులుతుంది. కాని ఆ లెక్క మేష్టారి డైరీలో వుండాలి, పిల్ల చేతిలోని అట్టమీద కాదు. పుస్తకం నడుమ ఒక పేజీ తీసి చదివించండి. తెలియని మాటకల్లా ఒక వేలు ముడవమనండి. అయిదువేళ్ళూ ముడుచుకుపోతే పుస్తకం లాక్కోకండి. పక్కన కూర్చోండి.

సాయంత్రం నేనూ మిత్రుడూ కూర్చుని ఆ రంగు కాగితాలన్నీ పీకేశాం. ఎదిగే పిల్లకు గౌను కుట్టేటప్పుడు దర్జీ కొలత తీసుకుంటాడు, నిజమే. కాని అంచు లోపలికి రెండంగుళాలు మడిచి కుడతాడు. ఆపాటి తెలివి మాకు ఆలస్యంగా వచ్చింది.