పరదేశమున తొలి పక్షము

ఆషాఢశ్రావణములు వచ్చుసరికి మన పట్టణములలో అనేక గృహములయందు పెట్టెలు సర్దుట ఆరంభమగును. ఆవకాయ, కందిపొడి, ఉన్నిదుస్తులు, పట్టాల నకళ్లు అన్నియు విమానపు తూకమునకు లోబడి అమర్చబడును. శంషాబాదు విమానాశ్రయమున ఒక్క విద్యార్థిని సాగనంపుటకు మూడు కుటుంబములు తరలివచ్చును. పిల్లవాడు లండను చేరినట్లు ఛాయాచిత్రము అందినంతనే మూడు కుటుంబములును నిశ్చింతగా నిద్రించును. ఆ ఛాయాచిత్రము వచ్చిన పిమ్మట గడచు పదునైదు దినములను గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి.

ఈ యనుభవము క్రొత్తది కాదు. 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడ యెక్కిన మోహనదాసు గాంధి ఆ నెల చివర ఇంగ్లండున దిగునప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు. దిగునాటికై భద్రపరచుకొనిన తెల్లని ఫ్లానెలు దుస్తులు ధరించి చూతురుగదా, రేవున అట్టివి తొడిగినవాడు తానొక్కడే! పెట్టెలు, తాళపుచెవులు కంపెనీవారి చేతిలో చిక్కుకొనెను. మరునాడు ఆదివారమగుటచే అవి వచ్చు మార్గము లేదు. ఆ రాత్రి చూడవచ్చిన డాక్టరు మెహతాగారి పట్టుటోపీని వినోదమునకై నిమిరి, దాని నూగును చెదరగొట్టి, పరుల వస్తువులను తాకరాదను మొదటి పాఠమును ఆయనవలననే నేర్చిరి. హోటలువారు మూడు పౌనుల బిల్లు చూపగా దిగ్భ్రమ చెందిరి. మాంసము ముట్టనని తల్లికిచ్చిన మాట యొకవైపు, రుచిలేని ఉడికిన కూరలు మరియొకవైపు. రాత్రులు తల్లిని తలచుకొని కన్నీరు కార్చిరి. ఉండుట దుర్భరము, తిరిగిపోవుట అసంభవము. ఫారింగ్డను వీధిలో శాకాహారశాల కంటబడువరకు ఆయన కడుపునిండ భుజించినది అరుదు.

అయినను ఆయనకు రెండు ఆధారములుండెను. నలుగురు పెద్దలకు పరిచయలేఖలు వెంట తెచ్చుకొనిరి. అందొకటి దాదాభాయి నౌరోజీగారికి. అన్నగారు సొమ్ము పంపుచుండిరి. నేటి మన విద్యార్థికి ఈ రెండును ఉన్నవా యని విచారింపవలసియున్నది.

సొమ్ము మాట మొదట చూతము. బ్రిటిషు ప్రభుత్వము వీసా ఇచ్చుటకు ముందు విద్యాశుల్కము గాక జీవనవ్యయము కూడ చేతనున్నట్లు రుజువు కోరును. 2025 జనవరిలో అమలునకు వచ్చిన లెక్క ప్రకారము లండనులో చదువువారికది అప్పట్లో నెలకు 1,483 పౌనులుగా నుండెను. తొమ్మిది నెలలకు 13,347 పౌనులయ్యెను. ఆ మొత్తము ఖాతాలో వరుసగా 28 దినములు నిలిచియుండవలెను. ఈ నిబంధన విద్యార్థి పస్తుండరాదను ఉద్దేశముతో ఏర్పడినది. మనవారిలో కొందరు దానినేమి చేసిరి? ఇరువదియెనిమిది దినములకు వడ్డీకి సొమ్ము తెచ్చి, ఖాతాలో చూపి, వీసా రాగానే మరల అప్పగించుచున్నారు. (మన ఏజెంట్లలో ఈ విద్య యందు ఆరితేరినవారు లేకపోలేదు.) కాగితముమీద సంపన్నుడగు ఆ బాలుడు నిజమునకు ఒక నెల అద్దెకు చాలని పౌనులతో దిగును. ఇంటివద్ద పొలము తాకట్టు పడియున్నదని వానికి తెలియును. లేదని చెప్పుటకు నోరు రాదు.

తరువాతి కథ సులభముగనే ఊహింపవచ్చును. ఈస్టుహాం వంటి పేటలలో ఒకే గదిలో పలువురు చేరి, వంతులవారీగా నిదురించుట. సెలవులు కాని కాలమున వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదని వీసా షరతుండగా, చేతికి నగదిచ్చు యజమాని మించి చేయించుకొనును. జీతము ఎగవేసినను ఫిర్యాదు చేయుటకు వీనికి ధైర్యము చాలదు. అక్టోబరు చివర గడియారములు ఒక గంట వెనుకకు తిప్పబడును. డిసెంబరులో నాలుగు గంటలు కాకమునుపే సూర్యుడస్తమించును. ఆ చీకటి వాని మనస్సునకు చేయు కీడును ఎవ్వరును ముందుగా చెప్పరు.

వానికి హక్కులు లేకపోలేదు. సాధారణపు అద్దె ఒప్పందములలో గృహయజమాని ఐదువారముల అద్దెకు మించి డిపాజిటు పుచ్చుకొనరాదని 2019లో ఇంగ్లండున శాసనమైనది. వైద్యమునకై వీసాతోపాటే ఏడాదికి 776 పౌనుల చొప్పున చెల్లించుట 2024 నుండి అమలైనది. అయినను జ్వరము వచ్చినచో ఖర్చునకు వెరచి మన బాలుడు ఇంటినుండి తెచ్చుకొనిన మాత్రలతో గడపును. పేరు నమోదు చేసికొనిన వైద్యుని సలహాకు అక్కడ వేరుగా రుసుము లేదని వానికెవరు చెప్పిరి?

పూర్వము ఉత్తరము చేరుటకు వారములు పట్టెడిది. నేడు ప్రతిరాత్రి తల్లి వాని ముఖమును చూచుచున్నది. చూచుచున్నదన్న మాటయే గాని, గదిలో వెలుతురున్న మూల కూర్చుండి భోజనమైనదని చెప్పు కుమారుని ముఖమునుండి ఆమెకు తెలియునదేమి? దూరము తగ్గినకొలది దాపరికము పెరిగినదని మాకు తోచుచున్నది. దీనికి సగము కారణము మన బంధువర్గమే. మొదటి నెలలోనే జీతమెంతయని ప్రశ్నించువారు, తిరిగివచ్చినవానిని ఓడినవానిగ నెంచువారు మనవారే.

విదేశవిద్యను మేము నిరసించుటలేదు. ఋణము చేసి పంపుటయు తప్పు కాదు. కాని ఖాతాలోని సొమ్ము తనదో, 28 దినముల అరువుదో, ఆ సంగతి తండ్రి కుమారునితో విమానమెక్కకమునుపే చెప్పవలెను. కమీషను పుచ్చుకొనిన ఏజెంటు, దిగిననాడు వసతి యెక్కడనో వ్రాతమూలముగ తెలుపవలెను. అచ్చట స్థిరపడిన తెలుగువారు ఉగాదికిని దసరాకును సభలు చక్కగనే జరుపుకొనుచున్నారు. సెప్టెంబరు మాసమున రైలుస్టేషనువద్ద ఇద్దరు మనుష్యులను నిలుపుట వారికి కష్టము కాదు.