అన్నయ్య ల్యాప్‌టాప్‌కి ఆయుష్షు పోద్దామా?

మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. అన్నయ్య బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది. ఉద్యోగం వచ్చాక కంపెనీ వాళ్లు కొత్తది ఇచ్చారు, ఇది బీరువా మీదకెక్కింది. ఇప్పుడు మీరు డిగ్రీలోనో డిప్లొమాలోనో చేరారు. ఫోన్‌లో రీల్స్ చూడొచ్చు గానీ యాభై పేజీల ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేయడం నరకం. సరే అని దాన్ని దించి, దుమ్ము దులిపి ఆన్ చేస్తే, టీ పెట్టుకుని తాగి వచ్చేసరికి కూడా ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. షాపుకి పట్టుకెళ్తే అక్కడి సమాధానం తెలిసిందే: ‘ఓల్డ్ మోడల్ తమ్ముడూ, ప్రాసెసర్ వీక్. ఇది ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి వేరేది తీసుకో.’

ఆ మాట నమ్మే ముందు ఒక చిన్న పరీక్ష. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి, బ్రౌజర్ ఓపెన్ చేస్తూ అంకెలు గమనించండి. 2013, 14 నాటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కనిపించేది ఇదే: డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది, ప్రాసెసర్ మాత్రం ఇరవై శాతం దగ్గర తాపీగా ఉంటుంది. అంటే షాపతను వీక్ అన్న ప్రాసెసర్ పని లేక కూర్చుంది. లైనంతా హార్డ్‌డిస్క్ దగ్గర ఆగింది, ఒక్క కౌంటరే తెరిచిన రేషన్ షాపులాగా.

ఎందుకలా అంటే, పాత హార్డ్‌డిస్క్ లోపల నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంటుంది. ల్యాప్‌టాప్ డిస్కుల్లో ఎక్కువ వాటి వేగం నిమిషానికి 5,400 చుట్లు. దాని మీద ఒక చెయ్యి అటూ ఇటూ కదులుతూ కావలసిన చోటు వెతుక్కుంటుంది. పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే ఫర్వాలేదు, వరసగా చదివేస్తుంది. కానీ విండోస్ ఆన్ అవ్వాలంటే వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు, తలో మూల ఉన్నవి, కావాలి. ఆ చెయ్యి సెకనుకి వంద చోట్లకి కూడా వెళ్లలేదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏదీ లేదు కాబట్టి అదే సెకనులో వేల చోట్ల చదివేస్తుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

అందుకే జేబులో ఉన్నది ఒక్క పార్టుకే సరిపోతే కళ్లు మూసుకుని ఎస్‌ఎస్‌డీ కొనండి. ర్యామ్ తర్వాత. ఆ కాలం ల్యాప్‌టాప్‌కి కావలసింది రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 7 మిల్లీమీటర్ల మందం. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లు ఉంటే కొత్తది కాస్త వదులుగా కూర్చుంటుంది, చుట్టూ చిన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ పెడితే సరి. సాటా దారిలో గరిష్ఠంగా వచ్చే వేగమే సెకనుకి 550 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. కాబట్టి డబ్బా మీద అంతకంటే పెద్ద అంకెలు చూపించి రేటు పెంచితే మీకు ఒరిగేదేమీ లేదు. పేరున్న బ్రాండ్, వారంటీ, 256 లేదా 512 జీబీ. అంతే.

2015 తర్వాతి మోడల్ అయితే లోపల ఎం.2 అనే సన్నటి స్లాట్ కూడా ఉండొచ్చు. ఇక్కడ కాస్త జాగ్రత్త. చూయింగ్ గమ్ పట్టీలా ఒకేలా కనిపించే ఎం.2 కార్డుల్లో రెండు జాతులున్నాయి, సాటా ఒకటి, ఎన్‌వీఎంఈ ఇంకొకటి. స్లాట్‌లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని లేదు. మీ మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది, స్లాట్ ఏది తీసుకుంటుందో అందులో ఉంటుంది. ఫోన్‌లోనే చదువుకోవచ్చు. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి బస్సెక్కే ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సీటీసీలో కౌంటర్ ముందు నిలబడి ‘ఏదో ఒకటి ఇవ్వన్నా’ అనడానికీ, ‘ఈ స్లాట్‌కి ఇదే కావాలన్నా’ అనడానికీ రేటులో కూడా తేడా ఉంటుంది.

ఇక ర్యామ్. మళ్లీ టాస్క్ మేనేజర్‌కే వెళ్లి మెమరీ మీద నొక్కండి. కింద ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో రాసి ఉంటుంది. రెండింట్లో ఒకటే వాడినట్టు కనిపిస్తే మీ పంట పండినట్టే, ఖాళీ దాంట్లో ఇంకో 4 జీబీ వేస్తే చాలు. అదే ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ ఎదురుగా ‘రో ఆఫ్ చిప్స్’ అని కనిపిస్తే ర్యామ్‌ని బోర్డుకే అతికించేశారని అర్థం. ఖాళీ స్లాట్ కూడా లేకపోతే ఇక చేసేదేమీ లేదు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లన్నీ ఆ కోవలోవే.

ర్యామ్‌లో తరాలు కలవవు. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు, మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే విరిగేది స్లాటే. పైగా డీడీఆర్3లోనే రెండు రకాలు: మామూలుది 1.5 వోల్టులు, పక్కన ‘ఎల్’ అని ఉన్నది 1.35 వోల్టులు. ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకి ఆ ‘ఎల్’ ఉన్నదే కావాలి. మామూలుది వేస్తే కొన్ని అసలు ఆన్ కావు, కొందరు దాన్నే ‘బోర్డు పోయింది’ అంటారు. ‘ఎల్’ రకం మాత్రం సాధారణంగా పాతవాటిలోనూ పనిచేస్తుంది కాబట్టి అనుమానం ఉంటే అదే తీసుకోండి. స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. మీది ఏ తరమో తెలుసుకోవడం తేలిక: ఐ3-4005 అంటే నాలుగో తరం, ఐ5-8250 అంటే ఎనిమిదో తరం. 8 జీబీ ఉంటే బ్రౌజర్, వర్డ్, పైథాన్, ఆన్‌లైన్ క్లాసు హాయిగా నడుస్తాయి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ కూడా కావాలంటే 16 ఉండాలి, అప్పుడు కూడా పాత ప్రాసెసర్ ఆయాసపడుతుంది. అది ముందే తెలుసుకుని దిగండి.

ప్రాసెసర్ మార్పిస్తాం, గ్రాఫిక్స్ కార్డు వేయిస్తాం అని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. ల్యాప్‌టాప్‌లలో అవి దాదాపు ఎప్పుడూ బోర్డుకి అతికించే ఉంటాయి. ఆ డబ్బులో చిన్న వంతుతో ఫ్యాన్ శుభ్రం చేయించి థర్మల్ పేస్ట్ మార్పించుకుంటే ఎక్కువ లాభం. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది మరి.

లోపలి పని అయింది, ఇప్పుడు బయట తగిలించేవి. నిజం చెప్పాలంటే ఎక్కువమంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఎందుకంటే పోర్టు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పాత ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ పోర్టుల్లో ఒకటో రెండో లోపల నీలం రంగులో ఉంటాయి, లేదా పక్కన ‘ఎస్‌ఎస్’ అని గుర్తు ఉంటుంది. అవి 3.0. మిగతా నల్లవి ఎక్కువగా 2.0. నల్లదాంట్లో ఎంత ఖరీదైన ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టినా సెకనుకి 40 మెగాబైట్లు దాటడం కష్టం. నీలం దాంట్లో అదే డ్రైవ్ ఎన్నో రెట్లు పరుగెడుతుంది. కాబట్టి కీబోర్డు, మౌస్ నల్లవాటికి, డ్రైవ్ నీలానికి.

దీంట్లో ఒక తమాషా ఉంది. 3.0 పోర్టులో డ్రైవ్ పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కాస్త రేడియో గోల పుడుతుంది. వైర్‌లెస్ మౌస్ రిసీవర్ కూడా మాట్లాడేది అక్కడే. రెండూ పక్కపక్కన పెడితే మౌస్ బాణం తడబడుతుంది, మనమేమో మౌస్ పాడైందని ఇంకోటి కొంటాం. రిసీవర్‌ని ల్యాప్‌టాప్ అవతలి వైపుకి మార్చి చూడండి.

కరెంటు విషయం కూడా ఉంది. 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 అయితే 900. తిరిగే పళ్లెం ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, కూలింగ్ ప్యాడ్, వెబ్‌క్యామ్ అన్నీ ఒకే చవక హబ్‌కి తగిలిస్తే డిస్క్ టిక్కు టిక్కుమంటూ మాయమైపోతుంటుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోవాలి, లేదా డిస్క్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టాలి.

మానిటర్ సంగతి ఇంకా చిత్రం. కొత్త ఫోన్‌కో కొత్త ల్యాప్‌టాప్‌కో వాడే యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎంఐ డాంగిల్ చూసి, దానికి ముందు ఒక కన్వర్టర్ ముక్క పెట్టి పాత యూఎస్‌బీకి తగిలిస్తే బొమ్మ వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఆ డాంగిల్‌కి బొమ్మని పంపే తీగలు సీ పోర్టులో ఉండాలి, పాత యూఎస్‌బీలో అవి లేనే లేవు. మీ ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే మామూలు కేబుల్ చాలు, ఫుల్ హెచ్‌డీ మానిటర్ నిక్షేపంగా నడుస్తుంది. వీజీఏ మాత్రమే ఉంటే ‘వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ’ కన్వర్టర్ అడగాలి. ‘హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ’ వేరే వస్తువు, తిప్పి వాడటం కుదరదు. వీజీఏలో శబ్దం వెళ్లదని కూడా గుర్తుంచుకోండి. స్క్రీన్ మీద గీతలు పడ్డ ల్యాప్‌టాప్‌ని పాత మానిటర్‌కీ, బాగా తక్కువలో వచ్చే యూఎస్‌బీ కీబోర్డుకీ కలిపేస్తే ఇంట్లో ఒక డెస్క్‌టాప్ తయారు. స్క్రీన్ మార్పించడం కంటే ఇదే నయం అనిపిస్తుంది నాకు.

వైఫై నెమ్మదిగా ఉంటే లోపలి కార్డు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టేదై ఉండొచ్చు. ఇంట్లో ఫైబర్ ఉండి, ఫోన్‌లో వచ్చే స్పీడు ల్యాప్‌టాప్‌లో రావట్లేదంటే అనుమానం దాని మీదే. 5 గిగాహెర్ట్జ్ పట్టే యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెడితే సరి. లోపలి కార్డు మార్చాలనుకుంటే మాత్రం ఆగండి. 2012 నాటి థింక్‌ప్యాడ్ టీ430 లాంటి వాటిలో బయాస్ తనకి తెలిసిన కార్డులనే ఒప్పుకుంటుంది, వేరేది పెడితే ఆన్ అవ్వనని మొండికేస్తుంది.

బ్యాటరీ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు భాగం బల్ల మీద సమంగా కూర్చోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ క్షణమే ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి. గుచ్చడం, నొక్కడం, చెత్తబుట్టలో పడేయడం ఏదీ చేయకూడదు, నిప్పంటుకుంటుంది. విప్పించి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

ఇవన్నీ చేశాక కూడా ఒక గోడ మిగులుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం, పైగా టీపీఎం 2.0 ఉండాలి. నాలుగో తరానికి ఆ తలుపు మూసే ఉంది. అడ్డదారిలో వేసిస్తామనే వాళ్లు ఉన్నారు గానీ, బ్యాంకు లాగిన్‌లు ఉండే మెషీన్‌కి నేను సలహా ఇవ్వను. లినక్స్ మింట్‌ని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాంట్లోంచి నడిపి చూడొచ్చు. వైఫై, సౌండు, తెలుగు టైపింగ్ సరిగ్గా ఉన్నాయనుకుంటే అప్పుడు ఉంచుకోండి. కాలేజీ ల్యాబ్‌లో విండోస్ సాఫ్ట్‌వేరే కావాలంటారా, అయితే ఎనిమిదో తరం రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ రేటు కనుక్కోండి. మీ పార్టుల బిల్లు దాంట్లో సగం దాటితే పాతదాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు.

షాపులో పని చేయిస్తే మీ కళ్ల ముందే విప్పమనండి. విప్పే ముందు బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. పాత హార్డ్‌డిస్క్ మాత్రం అక్కడ వదిలేయకండి. ‘ఇదేం చేసుకుంటావ్ తమ్ముడూ, స్క్రాప్’ అంటారు. అందులో అన్నయ్య ఆధార్ స్కాన్, సర్టిఫికెట్లు, అక్క పెళ్లి ఫొటోలు ఉన్నాయి. డిలీట్ చేసినా తేలిగ్గా వెనక్కి తీయొచ్చు. ఒక యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ కొని దాంట్లో పెడితే అదే మీ ఎక్స్‌టర్నల్ డిస్క్. రెండు వారాలు దాన్ని ముట్టుకోకండి, అన్నయ్యకి ఫోన్ చేసి ఏమేం కావాలో అడిగాకే ఫార్మాట్.