వేళలు ఎవరి వీలు కోసం?

2020లో కరోనా వచ్చాక ఆఫీసు పనులు చాలావరకు ఇళ్లలోకే వచ్చాయి. కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయిలకు అది కొంత వెసులుబాటే. మరి చేతులతో చేసే పని సంగతేమిటి? పక్షవాతం వచ్చిన మనిషిని లేపి నిలబెట్టడం, మోకాలి చిప్ప మార్పించుకున్న అవ్వ చేత నాలుగడుగులు వేయించడం ఇంట్లో కూర్చుని అయ్యే పనులు కావు. నాకు తెలిసిన ఒక ఫిజియోథెరపిస్టు అడిగినట్టు, "ఫోన్‌లో మోకాలు వంచేదానికి అవుతుందా అక్కా?" నేర్పిన వ్యాయామం సరిగ్గా చేస్తున్నారా లేదా అని వీడియోలో చూడొచ్చు, అంతే.

తిరుపతికి ఈ వృత్తి కొత్తది కాదు. టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి 1985 నుంచి ఉంది. స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కాలేజీ ఉంది. నాలుగేళ్లు చదివి, పైన ఇంటర్న్‌షిప్ కూడా చేసి వచ్చిన అమ్మాయి బిడ్డ పుట్టాక ఈ పనిలో నిలవగలదా అన్నదే నా ప్రశ్న.

చిక్కంతా గడియారంలో ఉంది. క్లినిక్‌కు జనం ఎక్కువగా వచ్చేది పొద్దున ఆఫీసుకు పోకముందు, మళ్లీ సాయంత్రం పని ముగిశాక. సరిగ్గా అప్పుడే ఇంట్లో క్యారియర్లు కట్టాలి, పిల్లల హోంవర్కు చూడాలి. మధ్యాహ్నం క్లినిక్కూ ఖాళీ, ఇల్లూ ఖాళీ! (మగ ఫిజియోథెరపిస్టుకు ఈ లెక్క ఎందుకు అడ్డురాదో మీకు వేరే చెప్పాలా?)

అందుకే కొందరు రోగుల ఇళ్లకే వెళ్లి చేస్తున్నారు. విజిట్‌కు ఇంత అని డబ్బు. వేళలు మన చేతిలోనే ఉంటాయంటారు. కానీ రోగి ఊరికి పోతే ఆ రోజు డబ్బు లేదు. పెట్రోలు మనదే. జ్వరమొస్తే జీతం లేదు, కాన్పుకు అసలే లేదు. తెలియని ఇంటికి ఒంటరిగా వెళ్లే బెదురు సరేసరి. వెసులుబాటు ఖర్చంతా ఆమె నెత్తినే పడిందన్నమాట.

మరి చట్టం? 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు సెలవు 26 వారాలైంది. 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే ఉన్నాయి. సెలవు ముగిశాక ఇంటి నుంచి పనిచేసే వీలు కూడా ఉంది గానీ, పని స్వభావం అందుకు అనువుగా ఉంటేనే, యజమాని ఒప్పుకుంటేనే. ఫిజియోథెరపిస్టు ఆ మెలిక దగ్గరే ఆగిపోతుంది. పైగా దుకాణాలు, చిన్న సంస్థల్లో పదిమంది ఉంటేనే ఈ ప్రసూతి సెలవు వర్తిస్తుంది. చిత్తూరులో ఏ సందు మలుపులోనో ఇద్దరు ముగ్గురితో నడిచే క్లినిక్కుకు ఇదేదీ అంటదు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే వేళలు మార్చమని అడగవచ్చు. యజమాని రెండు నెలల్లో తేల్చాలి, కాదంటే కారణం చూపాలి. అడిగినవన్నీ ఇస్తారని కాదు, అడిగే హక్కంటూ ఉంది.

మన పెద్ద ఆసుపత్రులు ఒక పోస్టును ఇద్దరికి పంచవచ్చు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. జీతం సగమైనా పీఎఫ్, సెలవులు ఇద్దరికీ ఉండాలి. ఒక రోగిని మొదటి నుంచి చివరిదాకా ఒకరే చూసేలా సర్దుకుంటే చికిత్సకూ లోటుండదు.

ఇళ్లకు వెళ్లేవాళ్లు అంతవరకు ఆగనక్కర్లేదు. ముందుగా చెప్పకుండా విజిట్ మానేస్తే ఎంత ఇవ్వాలి, దూరమైతే పెట్రోలుకు ఎంత అన్నది మొదటి రోజే కాగితం మీద రాసివ్వండి. చికిత్స చేసేటప్పుడు ఇంట్లో మనిషి ఒకరు పక్కన ఉండాలన్న మాట కూడా అందులోనే రాయండి.