గ్రంథాలయంలో వీడియో గేమా? ఎందుకుండకూడదు!



గ్రంథాలయంలో వీడియో గేమ్ పెట్టాలి అంటే మన దగ్గర ముందుగా వచ్చేది నవ్వు. "పేపరే సరిగ్గా రాదు, ఇంకా గేమ్‌లట!" అంటారు పెద్దలు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పుస్తకాలు ఆపి ఆ డబ్బుతో గేమ్ కన్సోల్ కొనమని మేము అనడం లేదు. అయినా ఈ వార్షికోత్సవ సంచికకు ఈ సంగతే రాయాలనిపించింది.

గ్రంథాలయానికి ఇప్పుడు ఎవరు వస్తున్నారు? పొద్దున పేపరు కోసం పెద్దమనుషులు, ఆ తర్వాత కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు. ఏడో తరగతి పిల్లవాడు వస్తే "లొల్లి చేయకు, బయటికి పో" అన్న మాటే. మేమూ ఆ మాట పడ్డవాళ్ళమే. మా ఇళ్ళలో పుస్తకాల అర లేదు, మాకన్నా ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. అలాంటి పిల్లలు ఆ గడప దాటడమే గొప్ప. ఒక్కసారి వెళ్ళగొడితే మళ్ళీ రారు.

పిల్లలు రావడం లేదన్న బాధ అమెరికా గ్రంథాలయాలకూ ఉండింది. మిషిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్ గ్రంథాలయం 2004లోనే వీడియో గేమ్ పోటీలు పెట్టింది. 2008 నవంబరు 15న అమెరికా గ్రంథాలయ సంఘం దేశమంతటా గేమింగ్ దినం జరిపింది. అది డబ్బున్న దేశం కదా అంటారేమో! మన దేశంలోనే బరోడా సంస్థానంలో సయాజీరావు గైక్వాడ్ మహారాజు గ్రంథాలయ శాఖ వందేళ్ళ కిందనే మ్యాజిక్ లాంతరు, సినిమా చూపించి జనాన్ని పిలిచింది. కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలోనే గ్రంథాలయం నడిపారు. మన మండలం సరిహద్దు దాటితే బీదర్ జిల్లా. ఆ కర్ణాటకలో 2020 నవంబరు నుంచి గ్రామ పంచాయతీ గ్రంథాలయాల్లో పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇస్తున్నారు.

మన పిల్లల చేతికి యంత్రం ఇస్తే పాడు చేస్తారని ఇంకో మాట. దీనికి జవాబు మన పక్కనే ఉంది. ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. మైకు పట్టింది, మిషన్ నడిపింది దళిత మహిళలు. అంతకు పదేళ్ళ ముందే స్టూడియో ఉన్నా లైసెన్సు లేదు. అయినా వాళ్ళు ఊరుకోలేదు. టేపుల్లో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. మన అమ్మల వయసువాళ్ళు అంత చేస్తే వాళ్ళ పిల్లలు ఒక కంట్రోలర్ పట్టుకోలేరా?

ఆటను జూదంతో కలిపి చూడకండి. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2017లో నిషేధించింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీద చట్టం చేసింది. మంచిదే. గ్రంథాలయంలో టీవీకి తగిలించి నలుగురి ముందు ఆడే ఆటలో పందెం ఉండదు. ఫోన్‌లో దుప్పటి కింద ఒక్కడే ఆడేదానికన్నా అది నయం. ఇంకో లాభం కూడా ఉంది. ఆటలో సూచనలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని చదివి, తెలుగులో రాసి గోడకు అంటించిన పిల్లవాడిదే మొదటి వంతు అంటే చాలు. గ్రామర్ పుస్తకం ఇచ్చినా అంత ఇష్టంగా చదవడు!

అసలు మాకు ఎక్కువ పట్టింపు ఆడపిల్లల గురించి. మగపిల్లలు జహీరాబాద్ పోతారు, డబ్బులిచ్చి ఎక్కడో ఒకచోట ఆడుకుంటారు. బాలికల హాస్టల్ పిల్లలు ఎక్కడికి పోతారు? వాళ్ళకు డబ్బు లేకుండా, భయం లేకుండా కూర్చునే చోటు గ్రంథాలయమే కావాలి. అది మనం ఎవరినో అడుక్కునేది కూడా కాదు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. మన తల్లిదండ్రుల కూలి పైసలూ అందులో ఉన్నాయి.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా వ్యాసరచన, వక్తృత్వమే. ఈసారి ఒక్క రోజు ఆట పెట్టిద్దాం. పాత విద్యార్థులం చందా వేసుకుని వాడిన కన్సోల్ ఒకటి, రెండు కంట్రోలర్లు కొనవచ్చు. మనిషికి ఇరవై నిమిషాలు, పేరు రిజిస్టరులో. వంతు వచ్చేదాకా కూర్చునే బెంచీ పక్కన బొమ్మల పుస్తకాలు పెట్టాలి, అవి తాళం వేసిన బీరువాలో ఉండకూడదు. చీటీల్లో సగం బాలికల హాస్టల్‌కే. చందా ఇవ్వగలిగిన పాత మిత్రులు వార్షికోత్సవం రోజే పేరు రాయించండి.