టెలిఫోను క్లౌడు - తాళపుచెవి

అశోక్‌నగరు పేరు నేడు తెలంగాణ పల్లెలలో సయితము తెలియనివారు లేరు. జిల్లాలనుండి వచ్చిన ఉద్యోగార్థులు అచ్చటి కోచింగు సెంటర్లలో పాఠములు విని, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున చదువుకొని, చుట్టుపట్ల హాస్టళ్లలో తల దాచుకొనుచున్నారు. నోటిఫికేషను చూచుట, దరఖాస్తు పంపుట, హాల్‌టికెట్టు పొందుట, ఫలితము తెలిసికొనుట, సర్వమును సెల్‌ఫోనుమీదనే. దరఖాస్తు కడపటి గడియలో నెట్‌వర్కు నిలిచిపోయినచో ఒక సంవత్సరపు శ్రమ వ్యర్థమగును. కావున టెలిఫోను సంస్థలు తమ యంత్రశాలలను ఎట్లు నడపుచున్నవను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు, ప్రజలకెల్లరకును సంబంధించినది.

ఆ యంత్రశాలల స్వరూపమే ఇప్పుడు మారుచున్నది. పూర్వము ఎక్స్ఛేంజి యనగా ప్రత్యేక యంత్రములతో నిండిన భవనము. కాల్సు కలుపుట కొక పెట్టె, చందాదారుని గుర్తించుట కొక పెట్టె, లెక్క వ్రాయుట కింకొక పెట్టె. పెట్టె యే కంపెనీదో లోపలి సాఫ్ట్‌వేరును ఆ కంపెనీదే, మరమ్మతును వారిదే, వారు చెప్పినదే వెల. ఎప్పుడో వచ్చు రద్దీకొరకు పెద్ద యంత్రము కొనవలసియుండెను. తక్కిన దినములలో అది సగము నిద్రించుచుండెను.

2012 అక్టోబరులో ప్రపంచమునందలి కొన్ని పెద్ద టెలిఫోను సంస్థలు కలిసి యొక పత్రమును వెలువరించి, ఈ బంధమును తెంచుకొనవలెనని కోరినవి. సామాన్యమైన సర్వర్లను వరుసగా పేర్చి, ఎక్స్ఛేంజి పనులను సాఫ్ట్‌వేరుగా వానిపై నడపవచ్చునని వారి వాదము. ఇదియే వర్చువలైజేషను, అట్టి సర్వర్ల ఉమ్మడి సముదాయమే క్లౌడు.

దీనివలన లాభమేమి? మన పేటలనే చూడుడు. పగలు అశోక్‌నగరున రద్దీ. సాయంకాలము ఆర్టీసీ చౌరస్తా సినిమాహాళ్లయొద్ద రద్దీ. రాత్రి నారాయణగూడ ఇండ్లలో రద్దీ. పాతపద్ధతిని మూడుచోట్లను నిండు యంత్రబలముండవలెను. టవరును కదల్చుటకు గాని, దానికి కేటాయించిన తరంగములను పెంచుటకు గాని క్లౌడునకు శక్తి లేదు. కాని టవర్ల వెనుక లెక్కలు చేయు యంత్రబలమును మూడు పేటలకును ఉమ్మడిగా నుంచవచ్చును. మన పల్లెలలో నీరటికాడు ఒకే చెరువునీటిని వంతులవారీగా పొలములకు మలపినట్లు, సాఫ్ట్‌వేరు ఆ బలమును అవసరమున్నచోటికి మలపును. ఒక సర్వరు చెడినచో దాని పనిని మరియొకటి యందుకొనును. క్రొత్త సౌకర్యమును ఒక్కచోటనుండియే దేశమంతటికి చేర్చవచ్చును.

ఈ మార్గమున మన దేశమును నడచినది. ప్రైవేటు సంస్థలు 2012లోనే 4జీ ప్రారంభింపగా, బీఎస్ఎన్ఎల్ వెనుకబడి లక్షలాది చందాదారులను పోగొట్టుకొన్నది. 2020లో దాని 4జీ టెండరు రద్దయినపిమ్మట స్వదేశి యంత్రసామగ్రియే శరణ్యమయ్యెను. 1984లో స్థాపింపబడిన సీ-డాట్ ప్రధాన సాఫ్ట్‌వేరును, తేజస్ నెట్‌వర్క్స్ రేడియో భాగమును సమకూర్పగా, టీసీఎస్ కూర్చినది. 2025 సెప్టెంబరు 27న ఆ నెట్‌వర్కు 97,500కు పైగా టవర్లతో జాతి కంకితమయ్యెను. అది సాఫ్ట్‌వేరుపై నడచునదనియు, క్లౌడుపై నాధారపడినదనియు, 5జీకి మార్చదగినదనియు ప్రభుత్వము చాటినది. ఆలస్యము గొప్ప నష్టమే. కాని చేతికి వచ్చిన విద్య ఆ నష్టముకన్న గొప్పది.

ఏలయన, పెట్టెల దాస్యమును వదలి క్లౌడుల దాస్యమున పడు ప్రమాదము కలదు. అమెరికాలో ఏటీ అండ్ టీ వంటి మహాసంస్థయే 2021లో తన 5జీ నెట్‌వర్కును మైక్రోసాఫ్టు క్లౌడుపైకి తరలింప నిశ్చయించి, తాను నిర్మించుకొన్న క్లౌడు సాంకేతికమును వారికే యిచ్చివేసినది. హైదరాబాదునందును 2022 నవంబరునుండి అమెజాను డేటా సెంటర్లు పనిచేయుచున్నవి. వానివలన వ్యాపారులకు కలిగిన సౌకర్యమును మేము కాదనము. కాని ఇల్లు మన నేలపై నున్నంతమాత్రమున తాళపుచెవి మనదగునా?

మరియొక భయమును కలదు. పనులన్నియు ఒక్కచోట చేరినపుడు తప్పు సయితము ఒక్కసారిగా వ్యాపించును. 2022 జూలై 8న కెనడాలో రోజర్సు సంస్థ చేసిన మార్పులో పొరపాటు జరిగి, కోటిమందికి పైగా ఫోను, ఇంటర్నెట్టు నిలిచినవి. అత్యవసర కాల్సు సయితము అనేకులకు అందలేదు. అది క్లౌడు దోషము కాకపోయినను, కేంద్రీకరణమునకు తగిన గుణపాఠము.

కావున క్లౌడును కాదనుట అవివేకము; కన్నులు మూసికొని కౌగిలించుకొనుట అంతకన్న అవివేకము. ఏ సంస్థయైనను ఒకే అమ్మకందారునికి కట్టుబడక, బహిరంగ ప్రమాణములనే యనుసరింపవలెను. నెట్‌వర్కు గుండెకాయ రెండు దూరస్థలములందుండి, ఒకటి పడినను రెండవది నిలుచునట్లు తరచుగా పరీక్షింపవలెను. యంత్రములపై మిగిలిన ధనములో చందాదారునకును పాలుండవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, ఈ సాఫ్ట్‌వేరును వ్రాయుటయు, సరిదిద్దుటయు మన బిడ్డలకు నేర్పవలెను. అశోక్‌నగరు గదులలో ఇంజనీరింగు పట్టాలతో ఉద్యోగమునకై నిరీక్షించువారెందరో కలరు. పరాయిక్లౌడుకు అద్దె చెల్లించు ధనములో కొంత వారి శిక్షణకు వెచ్చించినచో తాళపుచెవి తానై మన చేతికి వచ్చును. స్వరాజ్యమన్నది జెండాతో ముగియునది కాదు. మన మాటను మోయు తీగెమీదను, మేఘముమీదను మన యధికారమున్ననే అది సంపూర్ణము.