పాత కారు దానమిస్తే పన్ను తగ్గుతుందా? డిసెంబరు 31లోపు వేసుకోవాల్సిన లెక్క

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో ఎక్కడ చూసినా ఒకటే ప్రకటన. 'మీ పాత కారు మాకివ్వండి, ఉచితంగా వచ్చి తీసుకెళ్తాం, పన్ను మినహాయింపు పొందండి' అని. కొత్త కారు కొన్నవారికి, ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తున్నవారికి, వీసా గడువు ముగిసి ఇండియాకు వచ్చేస్తున్నవారికి ఇది తేలికైన దారిలా కనిపిస్తుంది. అక్కడున్నది మీరైనా, మీ పిల్లలైనా టైటిల్ మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి లెక్క చూసుకోండి. ఎందుకంటే కారు దానంతో చాలామందికి తగ్గే పన్ను సున్నా.

సున్నా ఎందుకు?

అమెరికాలో రిటర్ను వేసేవారికి రెండు దారులు. ఒకటి, ప్రభుత్వం అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్. రెండోది, ఇంటి రుణ వడ్డీ, ఆస్తి పన్ను, దానాలు వంటివన్నీ విడివిడిగా చూపించే ఐటమైజ్డ్ డిడక్షన్. ఏదో ఒకటే ఎంచుకోవాలి. కారు దానం లెక్కలోకి వచ్చేది రెండో దారిలోనే. పదిమందిలో దాదాపు తొమ్మిది మంది మొదటి దారిలోనే ఉంటారు.

2025 సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షన్ ఒంటరివారికి 15,750 డాలర్లు, ఉమ్మడిగా రిటర్ను వేసే దంపతులకు 31,500 డాలర్లు. ఒక కుటుంబానికి ఇంటి వడ్డీ, పన్నులు కలిపి 25,000 డాలర్లు అయ్యాయనుకుందాం. 2,000 డాలర్ల కారు దానమిచ్చినా మొత్తం 27,000 దగ్గరే ఆగుతుంది. 31,500 దాటలేదు కాబట్టి దానం వల్ల ఒక్క డాలరూ కలిసిరాదు.

అదే కుటుంబానికి కారు లేకుండానే 33,000 అయితే? అప్పుడు 2,000 డాలర్లూ మినహాయింపులో చేరతాయి. 22 శాతం శ్లాబులో ఉంటే తగ్గే పన్ను 440 డాలర్లు. అంటే 2,000 డాలర్ల వస్తువు ఇస్తే 440 వెనక్కి వచ్చాయి. ఇది దానమే, లాభం కాదు.

ఎఫ్-1 వీసా మీద ఉన్న భారతీయ విద్యార్థులకు పన్ను ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. అది తీసుకుంటే వారికీ కారు దానంతో పన్ను తగ్గదు.

విలువ మీరు చెప్పింది కాదు

ఒకప్పుడు కారు ధర ఎంతో యజమానే అంచనా వేసి రిటర్నులో రాసుకునేవారు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2003లో 54 కార్ల దానాలను పరిశీలించింది. వాటిలో మూడింట రెండు వంతుల కార్ల విషయంలో, యజమాని చూపిన విలువలో సేవా సంస్థకు చేరింది 5 శాతం లేదా అంతకంటే తక్కువ. మిగతాది వేలం ఖర్చులు, ప్రకటనలు, మధ్యవర్తుల వాటాలకు పోయింది. యజమానులు ఎక్కువ వేసి చూపడమూ ఒక కారణం.

దాంతో 2004లో చట్టం మార్చారు. 2005 నుంచి, 500 డాలర్లకు మించి మినహాయింపు అడిగితే సంస్థ ఆ కారును ఎంతకు అమ్మిందో అంతే లెక్క. ఆన్‌లైన్‌లో ధర 4,000 చూపించినా వేలంలో 900కే పోతే మీకు వచ్చేది 900 మినహాయింపే. సంస్థ ఆ కారును తన పనులకే గట్టిగా వాడుకున్నా, పెద్ద మరమ్మతులు చేయించినా, పేద కుటుంబానికి చాలా తక్కువ ధరకు ఇచ్చినా మార్కెట్ విలువ చూపుకోవచ్చు. అందుకే 'ఈ కారును ఏం చేస్తారు?' అని ముందే అడగండి.

గడువులోపు ఏం జరగాలి?

* ఫోన్‌లో పేరు నమోదు చేసుకుంటే సరిపోదు. కారు, సంతకం చేసిన టైటిల్ డిసెంబరు 31లోపు సంస్థకు అందాలి. వేలం జనవరిలో జరిగినా దానం 2025 ఖాతాలోకే వస్తుంది.
* ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు వెతికి చూడండి. సొంతూరి ఆశ్రమానికో, బడికో నేరుగా ఇచ్చింది అక్కడి పన్ను లెక్కలోకి రాదు.
* 500 డాలర్లు దాటితే ఫారం 1098-సి తీసుకుని రిటర్నుకు జతచేయాలి. కారు అమ్మిన 30 రోజుల్లోపు సంస్థ దీన్ని ఇవ్వాలి.
* కారు చేతులు మారినట్టు రాష్ట్ర మోటారు వాహన విభాగానికి మీరే తెలపండి. కాలిఫోర్నియాలో దీనికి 5 రోజులు, టెక్సాస్‌లో 30 రోజుల గడువు. లేదంటే తర్వాత వచ్చే పార్కింగ్ జరిమానాలు, టోల్ బిల్లులు మీ పేరు మీదకే వస్తాయి.

జనవరి 1 తర్వాత మారేది

2026 నుంచి ఐటమైజ్ చేసేవారికి ఆదాయంలో 0.5 శాతం దాటిన దానాలకే మినహాయింపు. 2 లక్షల డాలర్ల ఆదాయం ఉంటే మొదటి 1,000 డాలర్లు లెక్కలోకి రావు. కాబట్టి వీరు ఈ నెలలోనే ఇవ్వడం మేలు.

స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి మాత్రం లెక్క తిరగబడుతుంది. 2026 నుంచి వారు సేవా సంస్థలకు ఇచ్చే డబ్బుకు ఒంటరివారైతే 1,000, దంపతులైతే 2,000 డాలర్ల వరకు విడిగా మినహాయింపు ఉంటుంది. ఇది డబ్బు రూపంలో ఇస్తేనే. కారుకు వర్తించదు. కారును మీరే అమ్మి, ఆ సొమ్మును జనవరిలో సంస్థకు ఇస్తే మీకు పన్ను తగ్గుతుంది, వేలం ఖర్చులు పోకుండా మొత్తం సంస్థకే చేరుతుంది. వీరికి డిసెంబరు 31 తొందరే లేదు.

మన దగ్గరైతే?

ఇండియాలో ఈ సందేహానికి చోటే లేదు. 80జి కింద వస్తువుల దానానికి మినహాయింపు రాదు, డబ్బు ఇస్తేనే వస్తుంది. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినా చెల్లదు, చెక్కు లేదా ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. గడువు మార్చి 31. ఇక్కడ కారు ఎవరికిచ్చినా ఆర్‌సీ వారి పేరు మీదకు మారేవరకు వదిలిపెట్టకండి. ఆ బండితో ప్రమాదం జరిగితే నోటీసు ముందు ఆర్‌సీలో పేరున్న వారికే వస్తుంది.