కాబోయే ముఖ్యమంత్రిని అడగకపోతే ఇంకెవరిని అడగాలి?

బీహార్‌లో 2025 అక్టోబర్ 23న మహాఘట్‌బంధన్ తన ముఖ్యమంత్రి అభ్యర్థిగా తేజస్వీ యాదవ్‌ను ప్రకటించింది. ఉప ముఖ్యమంత్రి పదవి వికాస్‌శీల్ ఇన్సాన్ పార్టీ నేత ముఖేష్ సహనీకి అంది. ఇంకో ఉప ముఖ్యమంత్రి కూడా ఉంటారని అశోక్ గెహ్లాట్ అన్నారు గానీ పేరు మాత్రం చెప్పలేదు. ఆ వెంటనే మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అడిగిన ప్రశ్న బీహార్ అంతా మారుమోగింది: యాదవ్ ముఖ్యమంత్రి అవుతాడు, మల్లా ఉప ముఖ్యమంత్రి అవుతాడు, మరి ముస్లింకు ఏముంది?

లెక్క చూస్తే ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. 2023లో బయటపెట్టిన బీహార్ కులగణన ప్రకారం ముస్లింలు 17.7 శాతం, యాదవులు 14 శాతానికి కాస్త పైన, మల్లాలు 2.6 శాతం. ఆర్జేడీని ఏళ్లుగా నిలబెట్టిన 'ముస్లిం-యాదవ్' సమీకరణంలో పెద్ద భాగం ముస్లింలదే. అయినా వేదిక మీద పేర్లు చదివే వేళకు వాళ్ల పేరు వినపడలేదు.

ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా వచ్చే జవాబు మనకు కొత్త కాదు. "ఇప్పుడు ఇలాంటివి అడిగితే బీజేపీకి లాభం" అంటారు. నిజానికి బీజేపీ ఆ ఎన్నికల్లో తాను పోటీ చేసిన 101 స్థానాల్లో ఒక్క ముస్లింకూ టికెట్ ఇవ్వలేదు. కాబట్టి ఆ భయం ఉత్తుత్తిది కాదు. కానీ భయం చూపించి ఓటు అడగడం వేరు, హక్కుగా వాటా ఇవ్వడం వేరు. జంఖానాలు పరిచేవాళ్లు ఎప్పుడూ మేమేనా, దాని మీద కూర్చునేది ఎప్పుడు అని ఎవరైనా అడిగితే వాళ్లను శత్రువు మనిషి అనడం న్యాయం కాదు.

ఒవైసీ ఆ ప్రశ్నను ఉత్త చేతులతో కూడా అడగలేదు. పొత్తులో 6 సీట్లు ఇస్తే చాలని మజ్లిస్ ముందే ఆర్జేడీని కోరింది. అటు నుంచి ఒప్పుకోలేదు. నవంబర్ 14న ఫలితాలు వచ్చాయి. 243 స్థానాల్లో ఎన్డీయేకు 202, మహాఘట్‌బంధన్‌కు 35. ఆర్జేడీ 75 నుంచి 25కు పడిపోయింది. సహనీ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. మజ్లిస్ మాత్రం అమౌర్, బైసీ, కోచాధామన్, బహదూర్‌గంజ్, జోకీహాట్‌లలో 5 స్థానాలు గెలిచింది.

ఓట్లు చీల్చి ఓడించారని కొందరు అంటున్నారు. కొన్ని నియోజకవర్గాల్లో ఆ మాట నిజం కావచ్చు. కానీ సీమాంచల్ మొత్తం కలిపినా 24 సీట్లే. 202 సీట్ల గెలుపును అక్కడి ఓట్ల చీలికతో వివరించలేం.

అయితే ప్రశ్న అడిగినవాళ్లనూ మనం అడగాలి కదా. 2020లోనూ మజ్లిస్‌కు ఇవే 5 స్థానాలు వచ్చాయి. 2022లో వారిలో నలుగురు ఆర్జేడీలోకి వెళ్లిపోయారు. ఓటరు ఇచ్చిన తీర్పు పార్టీ మారిపోయింది. ఇంకో సంగతి: ఉప ముఖ్యమంత్రి అనే పదవి రాజ్యాంగంలో లేదు. ప్రమాణం మంత్రిగానే చెల్లుతుంది. చేతికి వచ్చే శాఖ ఏది, దాని బడ్జెట్ ఎంత అన్నదే అసలు బలం. ముస్లింలు మూడింట రెండు వంతుల మంది ఉన్న కిషన్‌గంజ్‌లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ కేంద్రానికి 2014లో శంకుస్థాపన జరిగింది. ఏళ్లు గడిచినా పూర్తి క్యాంపస్ కట్టలేదు. మహానంద వరద ఊళ్లను కోసుకుపోతూనే ఉంది. కుర్చీ పేరు ఏదైనా, ఈ పనులు జరగకపోతే ఆ ఇళ్లలో మార్పు ఏమీ ఉండదు. ఫలితాల తర్వాత, సీమాంచల్‌కు న్యాయం చేస్తే నితీశ్ ప్రభుత్వానికి సహకరిస్తామని ఒవైసీ అన్నది కూడా అందుకే గమనించాల్సిన మాట.

ఇది బీహార్ ముచ్చటే అనుకుని వదిలేయలేం. తెలంగాణలో 2011 జనాభా లెక్కల ప్రకారం మనం 12.7 శాతం. 2023 డిసెంబర్‌లో ఏర్పడిన కాంగ్రెస్ ప్రభుత్వంలో దాదాపు 23 నెలలు ఒక్క ముస్లిం మంత్రి లేరు. ఆ పార్టీ నుంచి ఒక్క ముస్లిం ఎమ్మెల్యే కూడా గెలవలేదు మరి. చివరికి 2025 అక్టోబర్ 31న అజహరుద్దీన్ ప్రమాణం చేశారు, అదీ జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకు పదకొండు రోజుల ముందు. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో జగన్ హయాంలో అంజద్ బాషా ఉప ముఖ్యమంత్రిగా ఉన్నారు, ఇప్పటి ప్రభుత్వంలో ఫరూక్ మంత్రిగా ఉన్నారు. మంత్రి పదవి దక్కితే అన్నీ దక్కినట్టు కాదని అక్కడివాళ్లకూ తెలుసు.

బీహార్‌లో అడిగిన ప్రశ్న నుంచి మనం నేర్చుకోవలసింది సమయం గురించి. నాయకుడు కుర్చీ ఎక్కాక అడిగితే అది విన్నపం అవుతుంది. ఎక్కకముందు అడిగితేనే అది షరతు అవుతుంది. గెలిచే సీట్లలో ఎన్ని టికెట్లు ఇస్తారు, ఏ శాఖ ఇస్తారు, స్కాలర్‌షిప్‌లు ఏ నెలలోగా వేస్తారు, వక్ఫ్ భూములకు ఏం రక్షణ ఇస్తారు అని రేపు మన గల్లీకి వచ్చే ప్రతి అభ్యర్థినీ, మజ్లిస్‌తో సహా, ముందే అడగాలి. జవాబు కాగితం మీద రాసివ్వమనాలి. ఆ కాగితం దాచుకుని ఐదేళ్ల తర్వాత చూపించాలి.